బొమ్మల కళ్ళు దిద్దిన మా మేనత్త

మా మేనత్త పోయింది. పప్పు మిల్లులో కందుల బస్తాలు తూకం వేయిస్తుండగా ఆమె కోడలు ఫోన్ చేసింది. "అన్నా, అత్తమ్మ ఇగ లేదు" అంది. "వస్తున్న" అన్నాను. కాటా మీద ఉన్న బస్తా బరువు రాసి, పెన్ను మూత పెట్టి బయలుదేరాను. ఆ రోజు లెక్క పేజీ అక్కడే ఆగిపోయి ఉంది. ఇంకా పూర్తి చేయలేదు.

ఆమె పేరు బీదర్‌లో ఎక్కువ మందికి తెలియదు. ఆమె చేతి పని మాత్రం మీలో కొందరి ఇళ్ళలోకి వచ్చే ఉంటుంది. హైదరాబాదులో కంపెనీలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజుల్లో, జీతాలు పెరిగిన ఇళ్ళలో పిల్లల పుట్టినరోజులు పెళ్ళిళ్ళలా జరిగేవి. వచ్చిన ప్రతి పిల్లవాడికీ తిరుగు కానుకగా ఒక బొమ్మ ఇచ్చి పంపడం అప్పుడే మొదలైంది. చేతులూ కాళ్ళూ కదిలే సిపాయి బొమ్మ, ఆకుపచ్చ దుస్తులు, నల్ల బూట్లు, నడుముకు బెల్టు, ఛాతీ మీద చిన్న పతకం. అలాంటివి చాలా వరకు బీదర్ పక్కనే ఉన్న నౌబాద్‌లోని ఒక రేకుల షెడ్డు నుంచి వెళ్ళాయి. వాటి కళ్ళు మా అత్త దిద్దింది.

మామయ్య బోర్డులు రాసే పెయింటరు. లారీల వెనక, దుకాణాల మీద, క్లినిక్కుల ముందు రాసేవాడు. అక్షరాల అంచు ఆయన గీసేవాడు, లోపల రంగు అత్త నింపేది. కన్నడ, ఉర్దూ, ఇంగ్లిష్ అక్షరాలు ఎన్ని నింపిందో లెక్క లేదు. వాటిలో ఒక్కటీ చదవలేదు. ఆమె చదువు తెలుగు బైబిలు దాకానే. మామయ్య చిన్న వయసులోనే పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఒక్కతే బ్రష్షు పట్టుకుని తిరిగింది కాని, నిచ్చెనెక్కి బోర్డు రాసే పని ఆడమనిషికి ఇవ్వడానికి దుకాణాల వాళ్ళు వెనకాడారు. అప్పుడే నౌబాద్‌లో ఒక సేటు బొమ్మల యూనిట్ పెట్టాడు. రంగు వేయడం తెలిసిన ఆడవాళ్ళు కావాలని ఎవరో చెబితే అత్త వెళ్ళింది. మరికొందరిని తెమ్మని సేటు అడిగితే, మా చర్చి నుంచి కొందరిని, జనవాడ నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కొందరిని ఇంటింటికీ పోయి అడిగి తెచ్చింది. కొందరి అత్తగార్లు ఒప్పుకోలేదు. వాళ్ళకు ఆమె ఒక మాట ఇచ్చింది: "నేనున్నంత దినాలు మీ కోడలి చెయ్యి ఖాళీగుండది. నా మీద ఇడ్సిపెట్టున్రి." ఆ మాట ఆమె మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఇంకొంత కాలం సుఖంగా బతికేదేమో.

నన్నూ ఆమే తీసుకుపోయింది. నేను బడి మధ్యలో వదిలేసి, ఒక కిరాణా దుకాణంలో పొట్లాలు కడుతూ, గల్లా దగ్గర కూర్చున్న ఆయనను చూసి లెక్కలు రాయడం నేర్చుకున్నాను. సేటు నన్ను చూసి, ఎంత వరకు చదివావని అడిగాడు. నా కంటే ముందే అత్త అంది: "సదువు సంగతి నాకు తెల్వది సేటూ. వీడు ఇంట్ల ఉప్పు గొన్నా రాస్కుంటడు." సేటు నవ్వి, పొద్దున నుంచి మునీంగా లెక్కలు రాయడానికి రమ్మన్నాడు. ఈ రోజు నా ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదంటే ఆ ఒక్క మాట వల్లే.

అలాంటి బొమ్మ కొన్నప్పుడు మనం ప్లాస్టిక్‌కు డబ్బు ఇస్తున్నామనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ని. లెక్క రాయడం మొదలుపెట్టాక తెలిసింది, ప్లాస్టిక్ అందులో చిన్న భాగమని. మెషిన్ కన్నుమూసి తెరిచేలోగా ఒక ఒళ్ళు, రెండు చేతులు, రెండు కాళ్ళు పడేస్తుంది. రంగు ఖరీదు కూడా పెద్దది కాదు, ఒక డబ్బా చాలా రోజులు వస్తుంది. ఖర్చంతా చేతిలో ఉంది. ఒక రంగు అంటే బొమ్మను ఇంకోసారి ఎత్తాలి, మిగతా చోట రంగు పడకుండా రేకు తొడుగు తొడగాలి, వేయాలి, దించాలి, ఆరబెట్టాలి, చూడాలి. వానాకాలం ఆరడానికి ఇంకో పూట. రంగు లేని బొమ్మ చెడిపోతే పిండి చేసి మళ్ళీ మెషిన్‌లో పోయవచ్చు. రంగు పడ్డది పోయకూడదు, దాంతో కలిసిన కొత్త మాల్, అంటే కొత్త సరుకు, కూడా మచ్చలవుతుంది. అందుకని ఒక్కో రంగు పడే కొద్దీ ఆ బొమ్మ చెడితే కలిగే నష్టం పెరుగుతూ పోతుంది. అన్నిటికంటే చివర కళ్ళు. బూట్లు, బెల్టు, టోపీ, పతకం, పెదవులు అన్నీ అయి, అందరి కష్టమూ మోసుకుని ఆ బొమ్మ అత్త ముందుకు వచ్చేది. ఆమె చెయ్యి వణికితే అందరి పనీ పోతుంది.

ఆమె చెయ్యి వణకడం నేను చూడలేదు. ఎడమ చేతి బొటనవేలితో బొమ్మ గడ్డం ఎత్తి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, తెల్ల చుక్క మీద నల్ల చుక్క పెట్టేది. పెట్టి ఊపిరి వదిలేది. షెడ్డులో మెషిన్ ఆగినప్పుడు ఆ ఊపిరి చప్పుడు వినిపించేది. కళ్ళు వేసిన బొమ్మల్ని గోడ వైపు తిప్పి నిలబెట్టేది. ఎందుకని సేటు ఒకసారి అడిగాడు.

"ఇటు దిప్పితె నన్నే జూస్తుంటరు సేటూ. గంతమంది మొగోళ్ళు జూస్తుంటె పని సాగది."

రంగుల బల్ల దగ్గర ఒక పద్ధతి ఉండేది. అది అత్త పెట్టిందే. మొదట్లో అందరూ అన్ని రంగులూ వేసేవాళ్ళు. ఎక్కడైనా తప్పు దొరికితే నేను కాదంటే నేను కాదని ఒకరి మీద ఒకరు వేసుకునేవాళ్ళు, చివరికి నోరు లేని మనిషికి మాట పడేది. అది చూడలేక అత్త ఒక్కో రంగు ఒక్కొక్కరికి పంచింది. ఒకరి బ్రష్షు ఇంకొకరు ముట్టకూడదు. "రంగుకు ఒక మనిషి ఉండాలె. అప్పుడు ఎవరి నింద వాల్లదే, ఎవరి పేరు వాల్లదే" అనేది. అలా ఎనిమిది రంగులకు ఎనిమిది మంది. వాళ్ళ పేర్లు కూడా మారిపోయాయి. బూట్ల లక్ష్మమ్మ, బెల్టు మణెమ్మ, పెదవుల సుగుణమ్మ. నేను జీతాల పట్టీలో కూడా అలాగే రాసేవాణ్ని, లేకపోతే సేటుకు ఎవరు ఎవరో తెలిసేది కాదు.

ఆ బల్ల దగ్గర మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

"లక్ష్మమ్మా, వీని బూట్లకు గంత మెరుపేంది? లడాయికి పోతుండా, పెండ్లికి పోతుండా?"

"లడాయికే అక్కా. మా ఆయన గూడ గిట్లనే పోతడు పనికి. పైన బూట్లు తళతళ, లోపట సాక్సు జూస్తె బొందలు."

"నీ మొగని బూట్లు సరే, నా బెల్టు జూడున్రి" అనేది మణెమ్మ. "ఎంతమందిని ఉరికిచ్చినా పాంటు జారది."

"నీ మొగనికి గూడ ఒకటి కట్టరాదే, తాగొచ్చినప్పుడు పట్టుకోను ఆసరైతది" అని సుగుణమ్మ అంటే మణెమ్మే అందరికంటే ముందు నవ్వేది. ఆమె జనవాడ నుంచి వచ్చేది. వాళ్ళకు కొద్దిగా పొలం ఉంది, నీళ్ళు లేవు. మొగుడి బండి నడిచిన రోజు బండి మీద, లేకపోతే షేర్ ఆటోలో. నడుం చుట్టూ ఆ సన్నని గోధుమ రంగు గీత గీయడంలో ఆమె చెయ్యి అత్త చెయ్యంత నమ్మకమైనది. అత్తకు ఆమె అంటే ప్రత్యేకంగా ఇష్టం. పైకి చూపేది కాదు. తన డబ్బాలోని పచ్చడి మొదట ఆమె రొట్టె మీద వేసేది, అంతే.

ఆ రోజులు ఎన్నాళ్ళో సాగలేదు. హైదరాబాదులో మా మాల్ తీసుకునే హోల్‌సేల్ వ్యాపారి ధర తగ్గించమన్నాడు. బయటి దేశం మాల్ ఓడల్లో దిగుతున్నది, మీ ధరకు నేను అమ్మలేను అన్నాడు. సేటు నన్ను పిలిచి ఒక బొమ్మ మీద దేనికి ఎంత పడుతుందో విడివిడిగా రాయమన్నాడు. రాశాను. ప్లాస్టిక్ ఒక వరుస, కరెంటు ఒక వరుస, అట్టపెట్టె ఒక వరుస. తర్వాత రంగులు, ఒక్కో రంగూ ఒక్కో వరుస. సేటు వేలు పై వరుసల మీద ఆగలేదు. అక్కడ తగ్గించడానికి ఏమీ లేదు. రంగుల దగ్గరికి వచ్చి ఆగింది.

"ఒక్కటి దియ్యాలె మునీం. ఏది దీద్దామో మీ అత్తనడుగు."

రంగుకు ఒక మనిషి. కాబట్టి ఒక రంగు తీయడమంటే ఒక మనిషిని తీయడం. ఎవరి పేరు వాళ్ళకు ఉండాలని అత్త చేసిన పంపకమే, ఎవరిని తీయాలో వేలు పెట్టి చూపించేలా తయారైంది. అందరూ అన్నీ వేస్తూ ఉంటే, తలా ఒక పూట తగ్గించుకుని సర్దుకునేవాళ్ళేమో. అలా సర్దుకుందామని అత్త అడిగి చూసింది కూడా. పూట పూటకు మనిషిని మారిస్తే చెయ్యి కుదరదు, మాల్ చెడుతుందని సేటు ఒప్పుకోలేదు. అందులో అబద్ధం లేదు.

మర్నాడు పొద్దున ప్రార్థన అయ్యాక అత్త ఒక బొమ్మ తెచ్చి సేటు బల్ల మీద పెట్టింది. దాని ముఖం మీద కళ్ళ చోట అడ్డంగా నల్ల పట్టీ. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న సిపాయి.

"ఇగో సేటూ. వీనికి అద్దాలు వెట్టిన. ఇగ కన్నుతోని పని లేదు. బూట్లకేసే నల్లరంగే, లక్ష్మమ్మ ఒక్కసారే రెండూ ఏస్తది."

సేటు బొమ్మను అటూ ఇటూ తిప్పాడు. "మరి నువ్వు?"

"పెట్టెలల్ల సర్దే కాడ కూసుంట."

అన్నిటికంటే ఖర్చైన రంగు కళ్ళే. జీతమూ అందులోనే ఎక్కువ, చెడే మాలూ అందులోనే ఎక్కువ. ఒక్క దెబ్బకు వ్యాపారి అడిగినంత తగ్గింది. సేటు సంతోషించాడు. బల్ల దగ్గర ఆ రోజు ఒకటే నవ్వులు. "గుడ్డోడా, సినిమా హీరోనా?" అని సుగుణమ్మ. "కండ్ల కలకొచ్చింది, దగ్గర్కి రాకు" అని లక్ష్మమ్మ. అత్త కూడా నవ్వింది.

సాయంత్రం షెడ్డు నుంచి వస్తూ నేను అన్నాను, "అత్తా, నీ జీతం సగానికి వస్తది."

"వస్తె రానీ అల్లుడా. అన్నిట్ల పెద్దది ఇచ్చేసిన. ఇగ చిన్నయి అడగరు."

ఈ మాట మీకు కొంచెం వివరంగా చెప్పాలి. మా కుటుంబాల్లో పంపకాలు జరిగేటప్పుడు ఒక మర్యాద ఉంది. పెద్దవాళ్ళు ముందుగా తమకు రావలసిన పెద్ద వాటా వదులుకుంటారు. అది చూశాక మిగిలినవాళ్ళు చిన్నవాటి కోసం నోరు తెరవరు. తెరిస్తే సిగ్గు. నేను చిన్నప్పటి నుంచి చూసిన పంపకాల్లో ఈ మర్యాద తప్పిన ఇల్లు లేదు. ఆ సిగ్గు వ్యాపారానికి కూడా ఉంటుందని అత్త నమ్మింది.

కళ్ళద్దాల సిపాయిలు బాగానే అమ్ముడుపోయాయి. అదే పొరపాటైంది. వ్యాపారి సేటుకు ఫోన్ చేసి, కళ్ళు ఏమయ్యాయని ఒక్క పిల్లవాడూ అడగలేదు, బెల్టు ఎవరు అడుగుతారు అన్నాడట. సేటు ఈ మాట నాకు చెప్పి, అత్తకు నువ్వే చెప్పు అన్నాడు. నేను చెప్పలేకపోయాను. ఆయనే పోయి బల్ల దగ్గర నిలబడి చెప్పాడు.

మణెమ్మ గొడవ చేయలేదు. బ్రష్షు నూనెలో కడిగి, గుడ్డతో తుడిచి, వెంట్రుకలు వేళ్ళతో సాపు చేసింది. అత్త పెట్టెలు సర్దే చోటు నుంచి లేచి వచ్చింది.

"జరసేపు కూసో మణెమ్మా."

"కూసొని ఏం జెయ్యాలక్కా. బెల్టే లేకపాయె."

"మీ కోసమే అద్దాలు వెట్టిన్నే నేను."

"నాకెర్కనే. నువ్వు పెట్టినంకనే గద వాల్లకు ఎర్కైంది, ఏది దీసినా నడుస్తదని."

కోపంతో అన్న మాట కాదు. బావి ఎండింది అన్నట్టు చెప్పింది. బ్రష్షు అత్త చేతిలో పెట్టి, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు అత్త ఒక్క పెట్టె కూడా సరిగా సర్దలేదు. సర్దినవి విప్పి మళ్ళీ సర్దింది.

తర్వాత పతకం పోయింది. తర్వాత పెదవులు. టోపీని ఒంటి ప్లాస్టిక్‌లోనే కలిపి పోశారు, దానికి రంగు అక్కరలేకపోయింది. ప్రతిసారీ ధర కొంచెం తగ్గేది, ప్రతిసారీ అది చాలేది కాదు. నేను ప్రతిసారీ కొత్త లెక్క రాసేవాణ్ని. ఒక వరుస కొట్టేయడం ఎంత సేపు?

మిగిలిన వాళ్ళనైనా నిలబెట్టాలని అత్త హైదరాబాదు పోదామంది. కళ్ళతో సహా ఎనిమిది రంగులూ ఉన్న పాత బొమ్మ ఒకటి గుడ్డలో చుట్టుకుంది. మంచి మాల్‌కు మంచి ధర ఇచ్చేవాడు ఆ ఊళ్ళో ఒక్కడైనా ఉండడా, ఎంత పైసలున్న ఊరది, అని ఆమె ఆశ. బస్సు ఊళ్ళోకి చేరేసరికి రోడ్డుకు రెండు వైపులా క్రేన్లు, సగం లేచిన స్తంభాలు. ఆమె కిటికీ లోంచి చూస్తూ "ఈడ గింత పని ఉన్నది" అని తనలో తాను అనుకుంది.

వ్యాపారి మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. అత్త గుడ్డ విప్పి బొమ్మను ముందు పెట్టింది. ఆయన చూశాడు. "బాగుంది పెద్దమ్మా. కాదనను" అని, వెనక అరలోంచి ఇంకొకటి తీసి దాని పక్కన నిలబెట్టాడు. ఓడలో వచ్చిన మాల్. మా దానికంటే రంగులు ఎక్కువ, అంచులు శుభ్రం. కళ్ళలో నల్ల చుక్క మీద మళ్ళీ చిన్న తెల్ల మెరుపు.

"ఇదెంతకు పడ్తది బిడ్డా?"

ఆయన చెప్పాడు. కళ్ళు, బెల్టు, పతకం, పెదవులు అన్నీ తీసేసిన మా బొమ్మ కంటే అది తక్కువ.

అత్త దాన్ని చేతిలోకి తీసుకుంది. అలవాటుగా బొటనవేలితో గడ్డం ఎత్తింది. చాలా సేపు చూసింది. నేను ఆమె కోపగించుకుంటుందేమో అనుకున్నాను. కోపగించుకుంటే బాగుండేది.

"ఎవలో ఆడమనిషి చెయ్యి" అంది. "మంచిగేసింది. ఆమెకెంతిస్తరో."

చాయ్ తాగి వచ్చేశాం. తిరుగు బస్సులో, జహీరాబాద్ దాటాక అత్త అంది:

"ఆమెను గూడ దీసేస్తరు అల్లుడా. కొన్ని దినాలాగి."

షెడ్డు ఆ తర్వాత ఎక్కువ కాలం నిలవలేదు. సేటు చెడ్డవాడు కాదు. ఎవరి జీతమూ ఎగ్గొట్టలేదు. కాని భూమి ధరలు హైదరాబాదు నుంచి పాకుతూ పాకుతూ నౌబాద్ దాకా వచ్చాయి. ఆ షెడ్డులో మేమంతా ఏళ్ళ తరబడి చేసిన పని కంటే, షెడ్డు కింద ఉన్న నేల ఎక్కువ పలికింది. కొన్న హైదరాబాదు ఆసామి దాన్ని కూల్చలేదు, వాడుకోలేదు. తాళం వేసి పోయాడు. చుట్టూ సర్కారు తుమ్మ లేచింది. నేను పప్పు మిల్లులో చేరాను. లక్ష్మమ్మ ఒక బడిలో వంటకు పోయింది. సుగుణమ్మ వాళ్ళు ఊరే వదిలారు.

అత్త తన ఇంట్లో కూర్చుంది. కూర్చోవడం చేతకాని మనిషి. కొడుకూ కోడలూ బాగానే చూసుకున్నారు. ఆమెకు తిండి లోటు లేదు, మాట లోటు లేదు. రాత్రి ప్రార్థనలో అందరి పేర్లూ ఎత్తేది, షెడ్డు పేర్లతోనే. బూట్ల లక్ష్మమ్మను, పెదవుల సుగుణమ్మను, బెల్టు మణెమ్మను దీవించు ప్రభువా అని. ఈ బూట్లేంటో, బెల్టేంటో దేవునికి ఎలా తెలుస్తుందని చిన్న మనవరాలు నవ్వితే, "ఆయనకెర్కే" అనేది.

జనవాడకు చాలాసార్లు పోయింది. రెండు మూడు సార్లు నన్నూ తీసుకుపోయింది. మణెమ్మ ఇంట్లోనే ఉండేది. కూలికి పోని రోజు చూసుకుని పోయేవాళ్ళం. మంచం వాల్చేది, నీళ్ళు ఇచ్చేది. జొన్న ఎట్లున్నదో, వాన ఎప్పుడు పడిందో చెప్పేది. షెడ్డు మాట ఎత్తేది కాదు. అత్త ఎత్తబోతే, "చాయ్ వెడ్తాగున్రి" అని లోపలికి పోయేది. అక్కా అని మాత్రం పిలవడం మానేసింది. మనం ఎవరినైనా పరాయి మనిషిని పిలిచినట్టు "అమ్మా" అనేది. అత్త ఆ ఇంటి నుంచి బయటికి వచ్చి, చెప్పులు తొడుక్కోవడానికి వంగి, అలాగే కాసేపు ఉండిపోయేది.

నేను ఒకసారి ఆమెకు చెప్పాను. ఆ రోజుల లెక్కలన్నీ మళ్ళీ వేసి చూశాను, కళ్ళు ఉంచినా, బెల్టు ఉంచినా, ఏ రంగు ఉంచినా ఆ షెడ్డు మూతపడేదే, ఒక కాలం అటో ఇటో, అందులో నీ తప్పు పైసంత లేదు అన్నాను. నా జీవితంలో ఎవరికైనా ధైర్యం చెప్పడానికి నేను వాడగలిగింది లెక్క ఒక్కటే. ఆమె ఓపికగా విన్నది.

"నీ లెక్క కరెక్టే ఉంటది అల్లుడా. లెక్క నీది. మాట నాది."

ఆ తర్వాత నేను ఆ విషయం ఎత్తలేదు.

ఈ వానాకాలం నుంచి ఆమె మంచం పట్టింది. ఆయాసం. పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను మిల్లు నుంచి వస్తూ రోజూ ఆగేవాణ్ని. మాట్లాడే ఓపిక ఉన్న రోజు ఒకటే అడిగేది: "జనవాడకెల్లి ఎవలన్న వచ్చిండ్రా?" రాలేదని చెప్పలేక, పొలం పనుల రోజులు గదా అత్తా అనేవాణ్ని. "ఔ, పనులుంటయి" అని గోడ వైపు తిరిగేది. నేను జనవాడకు పోయి మణెమ్మకు కబురు చెప్పి వచ్చాను. విన్నది. "మంచిగ సూసుకోన్రి" అంది. వస్తాననలేదు, రాననలేదు.

ఆమె పోయిన రోజు జనవాడకు మళ్ళీ కబురు పంపాను. పాస్టరుగారు మూడింటికి మట్టి చేద్దామంటే, దూరం నుంచి రావలసినవాళ్ళు ఉన్నారని చెప్పి ఇంకో గంట ఆపించాను. ఎవరి కోసమని ఆయన అడగలేదు. లక్ష్మమ్మ వచ్చింది. శవపెట్టె దగ్గర నిలబడి, అత్త కుడి చెయ్యి చీర కొంగు కింద ఉంటే దాన్ని తీసి పైన పెట్టింది. అది చూసి కోడలికి అప్పుడు ఏడుపు వచ్చింది.

మా సమాధుల చోటు రోడ్డు పక్కనే ఉంది. పాట అయి, ప్రార్థన అయి, మగవాళ్ళు మట్టి పోయడం మొదలుపెట్టేసరికి నౌబాద్‌లో పని విడిచే వేళైంది. బండ్లు వరసగా వస్తున్నాయి. ముందు మగవాళ్ళు, వెనక ఒడిలో టిఫిన్ డబ్బాలు పెట్టుకుని ఆడవాళ్ళు, దుమ్ముకు ముఖాలకు గుడ్డలు కట్టుకుని. నేను మట్టి వేయవలసిన వంతు వచ్చినా రోడ్డు వైపే చూస్తున్నాను. ఒక బండి గోడ దగ్గర నెమ్మదించింది. వెనక కూర్చున్న ఆమె ఇటు తిరిగింది; గుడ్డ చాటున ఉన్నది మణెమ్మో కాదో తెలియలేదు. నడిపే అతను ఒక కాలు నేలకు ఆనించి, తల వెనక్కి తిప్పి ఏదో అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను కాలు పైకి తీసుకున్నాడు, బండి మిగతా బండ్లలో కలిసిపోయింది. వెనక వస్తున్నవాళ్ళు హారన్ కొడుతూనే ఉన్నారు.